స్మార్ట్‌ఫోన్‌తో దినచర్య సర్వే

మనుషుల రోజు ఎలా గడుస్తుందో, ఆ రోజు గడుస్తుండగానే వాళ్ల ఫోన్‌లో అడిగి తెలుసుకునే పరిశోధన పద్ధతి ఇది. రోజుకు అయిదారు సార్లు ఫోన్ మోగుతుంది. తెర మీద నాలుగు ప్రశ్నలు కనిపిస్తాయి: ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు, మనసెలా ఉంది. జవాబివ్వడం నిమిషంలో అయిపోతుంది. వారమో పది రోజులో ఇలా సాగితే ఒక్కొక్కరి నుంచి పదుల కొద్దీ తునకలు పోగవుతాయి. మనస్తత్వ శాస్త్రంలో దీనికి ఎక్స్‌పీరియన్స్ శాంప్లింగ్ అని పేరు. వైద్య పరిశోధకులు ఎకొలాజికల్ మొమెంటరీ అసెస్‌మెంట్ అంటారు. ఈ రెండో పేరును 1994లో ఆర్థర్ స్టోన్, సాల్ షిఫ్‌మన్ వాడుకలోకి తెచ్చారు. పేర్లు వేరైనా పని ఒకటే. జ్ఞాపకాన్ని వదిలిపెట్టి, నడుస్తున్న క్షణాన్ని అడగడం.

జ్ఞాపకంతో వచ్చే చిక్కు తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ‘ఈ వారం ఎలా గడిచిందండీ?’ అంటే ‘పర్లేదండీ’ అంటాం. సోమవారం మోటారు కాలిపోవడం, బుధవారం పిల్ల ఫీజు కట్టడం, శుక్రవారం పెళ్లి భోజనం అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. అబద్ధం చెప్పాలని కాదు, మనసు లెక్కవేసే తీరే అంత. గట్టిగా తగిలిన క్షణాన్నీ చిట్టచివరి క్షణాన్నీ పట్టుకుని, మధ్యలో గడిచిన నిడివిని అది పెద్దగా పట్టించుకోదని డొనాల్డ్ రెడెల్‌మైర్, డానియల్ కానమన్ 1996లో కొలనోస్కోపీ చేయించుకున్న రోగుల మీద చూపించారు. పరీక్ష ఎంతసేపు సాగిందనే దానికీ, తర్వాత రోగి గుర్తుచేసుకున్న బాధకూ పెద్దగా పొంతన లేకపోయింది.

పేజర్ నుంచి ఫోన్ దాకా

స్మార్ట్‌ఫోన్ రావడానికి చాలా ముందే ఈ ఆలోచన ఉంది. 1970లలో షికాగో విశ్వవిద్యాలయంలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి బృందం జనానికి పేజర్లిచ్చి, అవి మోగినప్పుడల్లా చిన్న నోట్‌బుక్‌లో ఆ క్షణపు సంగతి రాయమంది. ఆ బృందంలో పనిచేసిన రీడ్ లార్సన్ తర్వాత సుమన్ వర్మతో కలిసి ఇదే పద్ధతిని చండీగఢ్‌కు తెచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లలున్న 100 మధ్యతరగతి కుటుంబాలను తీసుకుని, పిల్లలతో పాటు తల్లిదండ్రులకూ అలారం గడియారాలిచ్చి వారం పాటు వాళ్ల రోజును పట్టుకున్నారు. భారతదేశంలో ఈ పద్ధతికి తొలి గట్టి ఉదాహరణల్లో ఇదొకటి. బడి చదువు పిల్లల రోజులో ఎంత భాగం తింటోందో, హోంవర్క్ చేస్తున్న క్షణాల్లో మనసు ఎంత కుంగుతోందో అందులో తేలింది. మన ఇళ్లలో ఈ సంగతి తెలియనిది కాదుగానీ, అప్పటిదాకా దాన్ని కొలిచినవాళ్లు తక్కువ.

కాగితం డైరీని నమ్మవచ్చా అన్న ప్రశ్నకు జవాబు 2002లో వచ్చింది. స్టోన్, షిఫ్‌మన్‌ల బృందం దీర్ఘకాలిక నొప్పులున్న 80 మందిని తీసుకుని సగం మందికి కాగితం డైరీలు, సగం మందికి చేతి కంప్యూటర్లు ఇచ్చింది. రోజుకు మూడు వేళల్లో నొప్పి ఎంత ఉందో నింపాలి. కాగితం డైరీల అట్టలో వెలుతురు పసిగట్టే సెన్సర్ ఉంది, అది ఎప్పుడు తెరుచుకుందో గుట్టుగా నమోదు చేసేది. నింపిన కాగితాలు చూస్తే 90 శాతం వేళకు రాసినట్టే ఉన్నాయి. సెన్సర్ లెక్కలో నిజంగా వేళకు రాసినవి 11 శాతమే. డైరీ అసలు తెరవని రోజులకు కూడా పేజీలు నిండి ఉన్నాయి. స్కూల్లో ప్రాక్టికల్ రికార్డు పరీక్ష ముందు రాత్రి కూర్చుని పూర్తిచేసినవాళ్లకు ఇదెలా జరుగుతుందో తెలుసు. చేతి కంప్యూటర్ల గుంపులో ఆ లెక్క 94 శాతం. అప్పటి నుంచి ఈ రంగం కాగితాన్ని దాదాపు వదిలేసింది.

ఆ తర్వాత అంతా వేగంగా మారింది. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఐఫోన్ యాప్‌తో 2,250 మంది పెద్దల్ని అడిగితే, దాదాపు సగం వేళల్లో చేతిలో ఒక పని, మనసులో ఇంకొకటి ఉన్నాయని తేలింది. 2013లో డార్ట్‌మత్ కాలేజీలో 48 మంది విద్యార్థుల ఫోన్లు పది వారాల పాటు ప్రశ్నలు అడగడమే కాక నిద్ర, నడక, చుట్టూ మాటల సందడి వంటివి వాటంతట అవే నమోదు చేశాయి. దానికి స్టూడెంట్‌లైఫ్ అని పేరు పెట్టారు. ఫోన్ కేవలం ప్రశ్నాపత్రంగా ఉండే దశ అక్కడితో పోయింది.

అడిగే వేళను మూడు రకాలుగా నిర్ణయిస్తారు. ముందే పెట్టుకున్న గంటల్లో అడగడం ఒకటి, లాటరీ వేసినట్టు ఎప్పుడు పడితే అప్పుడు అడగడం రెండోది. ఏదైనా జరిగినప్పుడు, అంటే సిగరెట్ వెలిగించినప్పుడో తలనొప్పి వచ్చినప్పుడో, మనిషే ఫోన్ తీసి నమోదు చేయడం మూడోది. రెండో దాన్నే ఎక్కువగా వాడతారు. తొమ్మిదింటికి మోగుతుందని ముందే తెలిస్తే తొమ్మిదికి మనిషి కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

తెలుగు నేల మీద

ఇక్కడ పునాది వేసినవి ఫోన్లు కావు, మనుషులు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో మెట్ట ప్రాంతాల గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. మొదట ఆరు ఊళ్లు, ఊరికి 40 కుటుంబాలు. వాటిలో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఔరేపల్లి, డోకూరు ఉన్నాయి. వ్యవసాయం చదువుకున్న, పల్లె నుంచి వచ్చిన పరిశోధకుణ్ని ఊళ్లోనే కాపురం పెట్టించి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి పని, కూలి, ఖర్చు, అప్పు, తిండి అన్నీ రాయించారు. పదేళ్లు అలా సాగింది. ఏడాదికోసారి అడిగితే దొరకని సంగతులు ఆ పుస్తకాల్లో దొరికాయి. ఆ లెక్కలతోనే రాబర్ట్ టౌన్సెండ్ 1994లో, ఒక ఇంటి రాబడి పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడదనీ, ఊరి సగటుతోపాటే కదులుతుందనీ చూపించాడు. చేబదుళ్లు, బంధువుల సాయం, ధాన్యం అప్పులు మనం కథల్లో చదివినవే. అక్కడ అవి అంకెలయ్యాయి. తర్వాతి దశలో ఈ అధ్యయనం కోస్తా వైపు కూడా వచ్చింది, అప్పటి ప్రకాశం జిల్లాలోని పమిడిపాడు ఆ ఊళ్లలో ఒకటి. ఫోన్ సర్వేలు కొత్తగా కనిపెట్టామని చెప్పుకునేవాళ్లు ముందు ఆ పుస్తకాలు చూడాలని నా అభిప్రాయం. తరచుగా అడగడం, ఊరి భాషలో అడగడం, అడిగే మనిషిని ఊరు నమ్మడం అనే మూడింటిలో మొదటిదాన్నే ఫోన్ చవక చేసింది.

ఫోన్ చేసి మాట్లాడి అడిగే సర్వేకు పెద్ద పరీక్ష కోవిడ్ ఏడాదిలో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల్ని వెంబడిస్తోంది. అందులో 2,000 మంది 2001, 2002ల్లో పుట్టినవాళ్లు, మిగతా 1,000 మంది 1994, 1995ల్లో పుట్టినవాళ్లు. కొన్నేళ్లకోసారి ఇంటికి వెళ్లి అడిగే ఈ పద్ధతి 2020లో ఆగిపోయింది. ఆరో విడత ఇంటికి వెళ్లాల్సిన ఏడాదే లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు ఫోన్లు చేసి చదువు ఆగిందా, పని పోయిందా, ఇంట్లో తిండికి ఇబ్బందయిందా అని ఆ ఒక్క ఏడాదిలోనే మూడుసార్లు అడిగారు. పద్దెనిమిదేళ్ల పరిచయం ఉంది కాబట్టి అవతలివాళ్లు ఫోన్ ఎత్తారు. ముక్కూ మొహం తెలియని నంబరు నుంచి ఇవే ప్రశ్నలు వస్తే ఎంతమంది చెప్పేవారో ఊహించుకోవచ్చు.

తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు మరో రకం వాడకం చూశాం. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్, జెఫ్రీ వీవర్ బృందం చెక్కు అందిందా, ఎప్పుడు అందిందని రైతులకే కాల్ సెంటర్ నుంచి ఫోన్ చేయించింది. కొన్ని మండలాల్ని లాటరీలో ఎంచి, మీ పని ఇలా లెక్కకొస్తుందని అక్కడి వ్యవసాయ అధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో పంపిణీ కొద్దిగా మెరుగైంది. ఫోన్ల ఖర్చు మరీ తక్కువ కాబట్టి ఆ కొద్దిపాటి మెరుగే గిట్టుబాటైంది. ఇది దినచర్య అధ్యయనం కాదు, దాని చుట్టం. అడుగుతున్నారని తెలియడమే అవతల పనిని మారుస్తుందన్నది మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

హైదరాబాదు శివారు ఊళ్లలో జరిగిన చాయ్ అధ్యయనం ప్రశ్నల్ని దాటి ఇంకా ముందుకు పోయింది. గాలిలోని సన్నటి ధూళి ఎవరికి, ఎక్కడ, ఏం చేస్తుండగా తగులుతోందన్నది దాని ప్రశ్న. ఊరివాళ్లు ధూళి కొలిచే పరికరం, జీపీఎస్, తనంతట తానే ఫోటోలు తీసే చిన్న కెమెరా ఒంటి మీద పెట్టుకుని మామూలుగా తమ పనులు చేసుకున్నారు. తర్వాత ఆ ఫోటోలు చూసి వంట, ప్రయాణం, పొగతాగడం, ఫ్యాక్టరీ పని అని క్షణాలను విడగొట్టి, ఒక్కో పనిలో ధూళి ఎంత ఉందో సరిపోల్చారు. పొయ్యి ముందు ఎంతసేపున్నారని ఇల్లాలిని అడిగితే ‘ఎంతసేపండీ, వంటయ్యేదాకా’ అంటుంది. ఆ జవాబును నిమిషాలుగా మార్చింది కెమెరా.

వడ్లమూడిలో అడిగితే

గుంటూరు, తెనాలి మధ్య రోడ్డు మీద, చేబ్రోలు మండలంలో ఉంది వడ్లమూడి. అక్కడ విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది, 1977లో మొదలైన సంగం డెయిరీ ఉంది, చుట్టూ కృష్ణా డెల్టా మాగాణి ఉంది. ఈ పద్ధతి బలమూ బలహీనతా ఒకే ఊళ్లో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు అక్కర్లేదు. విద్యార్థుల్ని అడగడం తేలిక. ఫోన్ చేతిలోనే ఉంటుంది, డేటా ఉంటుంది, యాప్ వేసుకోమంటే వేసుకుంటారు. ప్రపంచమంతటా ఈ పరిశోధనల్లో విద్యార్థులు పోగుపడటానికి కారణం ఇదే. పాలు పోసే కుటుంబాన్ని అడగాలంటే మాత్రం రోజును మరోలా చదవాలి.

ఆ రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. గేదె కింద కూర్చున్న మనిషి చేతులు తడిగా ఉంటాయి, తడివేలికి తెర పలకదు. ఆరింటికి పాలకేంద్రంలో క్యాను వంతు, ఫ్యాట్ ఎంత వచ్చిందో చూసుకోవడం, చీటీ జేబులో పెట్టుకోవడం. సాయంత్రం మళ్లీ అదే వరస. నాట్ల కాలంలో కూలికి వెళ్లిన ఆడవాళ్ల ఫోన్లు గట్టు మీద, అన్నం క్యారేజీతో పాటు సంచిలో ఉంటాయి. మడిలో ఉన్న మనిషికి గట్టు మీది మోత వినపడదు, వినపడినా బురదచేత్తో తీయదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నీడలో కూర్చున్నప్పుడు మోగితే జవాబొస్తుంది. వారం చివర పరిశోధకుడి కంప్యూటర్‌లో ఆవిడ రోజంతా నీడలో కూర్చున్నట్టే కనిపిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి అధ్యయనాల్లో సగటున 80 శాతం దాకా ప్రశ్నలకు జవాబులొస్తాయి. మిగతా 20 శాతం ఏ వేళల్లో తప్పిపోయిందన్నది అసలు ప్రశ్న. తప్పిపోయినవి చెదురుమదురుగా ఉంటే ఫరవాలేదు. అన్నీ కష్టమైన వేళలే అయితే మిగిలిన 80 శాతం మనల్ని దారి తప్పిస్తుంది.

అందుకే ఇలాంటి చోట ప్రశ్న గడువును పావుగంటకు బదులు గంటో రెండు గంటలో ఉంచడం, మోగే వేళల్ని ఆ ఇంటి పాల వేళను బట్టి మార్చడం, తప్పిపోయిన వేళ గురించి సాయంత్రం ఒక్క ప్రశ్న అడగడం మేలు. తెలుగు కీబోర్డు మీద రాయించడం కంటే మాట్లాడించి రికార్డు చేయడం మంచిది. వాట్సాప్‌లో వాయిస్ పంపడం ఇప్పుడు అందరికీ వచ్చు.

ఇక మాటల సంగతి. ‘ఏం చేస్తున్నారు?’ అంటే మధ్యాహ్నం మూడింటికి ఇల్లాలు ‘ఖాళీగానే ఉన్నా’ అంటుంది. చేతుల్లో చేట, చేటలో మినుములు, కంటి చూపు మనవడి మీద, చెవి గేదె గంట మీద. ఆవిడ లెక్కలో అవి పనులు కావు, అవి లేకుండా ఉండటమంటే ఏమిటో ఆవిడకు తెలియదు. ‘చేతుల్లో ఏముంది?’ అని రెండో ప్రశ్న అడిగితే ఈ ఖాళీ గుట్టు బయటపడుతుంది. దేశవ్యాప్త కాలవినియోగ సర్వేల్లో కూడా ఇదే తంటా. 1998, 1999ల్లో ఆరు రాష్ట్రాల్లో జరిగిన తొలి సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు. 2019లో దేశమంతటా చేసినప్పుడు ముందు రోజు తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంట గళ్లలో నింపారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు తేలాయి. 2024లో అవి 289, 88. ఇద్దరివీ తగ్గాయి, తేడా మాత్రం దాదాపు కదల్లేదు. ఇవి మర్నాడు గుర్తుచేసుకుని చెప్పిన లెక్కలు. చేటలో మినుములు ఎన్ని అరగంటల్లో దాక్కున్నాయో ఈ అంకెలు చెప్పలేవు.

మనసు గురించి అడిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు ప్రశ్నాపత్రంలోని ఒక్క మాటకు తెలుగులో బెంగ, దిగులు, ఆందోళన, టెన్షన్ అని నాలుగొస్తాయి, నాలుగూ ఒకటి కావు. బెంగ ఎవరి మీదో పెట్టుకునేది. హాస్టల్లో చేరిన మొదటి నెల విద్యార్థికి ఇంటి మీద బెంగ ఉంటుంది, పరీక్ష ముందు టెన్షన్ ఉంటుంది. ‘ఆందోళన’ అని అడిగితే ఆ రెండు వేళల్లోనూ విద్యార్థులు లేదనే చెబుతారు, ఎందుకంటే ఆ మాట వాళ్లకు పేపర్లో చదివే ధర్నా. ఒకటి నుంచి ఏడు దాకా అంకె ఎంచుకోమంటే చాలామంది నాలుగు దగ్గర ఆగుతారు. నాలుగంటే ‘పర్లేదు’. ‘కొంచెం, బాగా, మరీ’ అని మాటల్లో మెట్లు కట్టడం నయం.

ఒకే మనిషిని పదేపదే అడగడం వల్ల దొరికే అసలు లాభం లెక్క కట్టేటప్పుడు తెలుస్తుంది. ఎక్కువ గంటలు చదివే విద్యార్థులకు తక్కువ చదివేవాళ్లకంటే టెన్షన్ తక్కువ ఉందనుకుందాం. అదే విద్యార్థికి తాను ఎక్కువ చదివిన రోజున, తక్కువ చదివిన రోజుకంటే టెన్షన్ ఎక్కువ ఉండవచ్చు. రెండూ నిజాలే. మొదటిది మనుషుల మధ్య తేడా, రెండోది ఒకే మనిషి రోజుల మధ్య తేడా. ఒక్కసారి అడిగే సర్వే ఈ రెంటినీ విడదీయలేదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21.0 శాతం, మగవాళ్లు 48.8 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, అయినా ఇంట్లో ఉన్న ఫోన్ ఎవరిదన్నది ఇంకా తేలని విషయమే. చాలా ఇళ్లలో అమ్మ ఫోన్ అంటే కొడుకు గేమ్ ఆడుకోగా మిగిలినది. మరో పెద్ద గండి ఇంటర్మీడియట్ పిల్లలు. పోటీ పరీక్షల రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోన్ ఉండనివ్వరు. తెలుగు రాష్ట్రాల్లో చదువు ఒత్తిడి గురించి మొట్టమొదట అడగాల్సిన వయసే ఈ పద్ధతికి అందకుండా ఉంది. వాళ్ల కోసం మళ్లీ చండీగఢ్ గడియారాల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక్కడ సర్వే అన్న మాటకే ఒక చరిత్ర ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో జరిగితే దాని కోసం జనం వేరే ఊళ్ల నుంచి బస్సులెక్కి సొంతూళ్లకు వెళ్లారు. 2016 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాసాధికార సర్వే ట్యాబ్‌లతో ఇంటింటికీ వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వాలూ పార్టీలూ ఐవీఆర్‌ఎస్ ఫోన్లలో ‘అయితే ఒకటి నొక్కండి’ అని అడగడం అలవాటైంది. దాంతో ఎవరు ఏం అడిగినా జనం రేషన్ కార్డు, పెన్షన్ గుర్తుపెట్టుకుని జవాబు చెబుతారు. ‘నిన్న ఎంత సంపాదించారు?’ అన్న ప్రశ్న యాప్‌లో వచ్చినా సచివాలయం నుంచి వచ్చినట్టే వినపడుతుంది. ఈ సందేహం తీర్చేది అనుమతి పత్రంలోని పేరాలు కావు. ఊళ్లో ఒకసారి కూర్చుని మాట్లాడిన మనిషి తీర్చగలడు. ఔరేపల్లిలో కాపురం పెట్టించినవాళ్లకు ఇది తెలుసు.

సెన్సర్ల విషయంలో చట్టం కూడా వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. పరిశోధనకు కొన్ని మినహాయింపులున్నాయి. ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి. లొకేషన్ నమోదు చేయడం ఊళ్లో మరీ సున్నితం. పేరు తీసేసినా, తెల్లారి పాలకేంద్రానికీ తర్వాత ఫలానా చేనికీ వెళ్లిన చుక్క ఎవరిదో ఊరివాళ్లు చూడగానే చెప్పేస్తారు.

అన్నిటికంటే కష్టమైనది ఇంటి లోపలి గొడవల గురించి అడగడం. భార్యను అడగాల్సిన ప్రశ్న భర్త చేతిలోని ఫోన్‌లో మోగవచ్చు. యంగ్ లైవ్స్ బృందం 2020లో పెరూలో దీనికి ఒక దారి వాడింది. కొందరికి కొన్ని మామూలు వాక్యాలు చదివి, వీటిలో ఎన్ని మీకు వర్తిస్తాయో అంకె మాత్రమే చెప్పమన్నారు. మిగతావాళ్లకు అవే వాక్యాలకు దెబ్బల గురించిన వాక్యం ఒకటి కలిపి చదివారు. రెండు గుంపుల సగటుల తేడాయే ఆ వాక్యం వర్తించేవాళ్ల శాతం. ఏ వాక్యానికి ఎవరు అవునన్నారో ఫోన్ చేసినవాళ్లకూ తెలియదు, పక్కన కూర్చుని వింటున్నవాళ్లకూ తెలియదు.